నెలల బిడ్డతో ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఒక పిల్లల క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. "సిస్టర్, పాపను ఊరికి తీసుకుపోవచ్చా? ఎన్ని రోజులకు?" అన్న ఫోన్ రాని రోజు లేదు. నేను తిరిగి అడిగేది ఎప్పుడూ ఒక్కటే: పాలు బాగా తాగుతోందా, పుట్టినప్పటి బరువు మళ్లీ వచ్చిందా? రోజులు లెక్కపెట్టడం కన్నా ఆ రెండు చూసుకోవడం ముఖ్యం. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, గుండె సమస్యో ఊపిరి సమస్యో ఉన్న బిడ్డకు మాత్రం మీ డాక్టర్ మాటే ఫైనల్.

## డిశ్చార్జి రోజు

నార్మల్ డెలివరీ అయింది. రెండో రోజే ఇంటికి పొమ్మంటున్నారు. మా ఊరు ఏటూరునాగారం దాటి లోపలికి. బయలుదేరొచ్చా?

తల్లీబిడ్డా బాగున్నారనే పంపిస్తున్నారు. కానీ ఊళ్లోనే ఉన్న ఇంటికి పోవడం వేరు, వంద కిలోమీటర్లు దాటి పోవడం వేరు. పసిపిల్లల్లో చాలామందికి కామెర్లు వస్తాయి, మూడో రోజుకూ ఐదో రోజుకూ మధ్య ఎక్కువవుతాయి. అంటే మీరు ఊరు చేరి, చుట్టాలు వచ్చి చూసిపోతున్న సమయానికి బయటపడతాయన్నమాట. వరంగల్‌లో దగ్గరివాళ్లెవరైనా ఉంటే రెండు మూడు రోజులు వాళ్లింట్లో ఉండి, ఇంకోసారి చూపించుకుని కదలండి. కుదరకపోతే నాలుగో రోజో ఐదో రోజో దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) తప్పక చూపించండి.

ఇంట్లో చూసే పద్ధతి ఇది. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, బిడ్డ ముక్కు కొనను వేలితో మెల్లగా నొక్కి వదలండి. వేలు తీసిన క్షణం అక్కడ పచ్చగా కనిపిస్తే కామెర్లు ఉన్నట్టు. ట్యూబులైటు కింద, పసుపు దుప్పట్లో చుట్టి చూస్తే ఏమీ తెలియదు. పచ్చదనం అరచేతులు, అరికాళ్ల దాకా దిగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పుట్టిన 24 గంటల్లోపే కనిపించినా అంతే. పొద్దుటి ఎండలో పడుకోబెడితే పోతుందని ఆగకండి.

102 బండి ఇంటి దాకా దింపుతుందా? డబ్బులివ్వాలా?

సర్కారు దవాఖానాలో కాన్పు అయితే తల్లినీ బిడ్డనూ ఈ 102 బండే, అంటే అమ్మ ఒడి వాహనం, ఇంటి దగ్గర ఉచితంగా దింపుతుంది. డిశ్చార్జి చీటీ రాయగానే అక్కడి సిబ్బందికి చెప్పి బండి కోసం అడగండి. బిడ్డకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేయాల్సిన నంబరు ఇది కాదు, 108.

సిజేరియన్ అయింది. నేను ఎన్నాళ్లకు దూరం పోవచ్చు?

ఈ ప్రశ్న అడిగే వాళ్లు చాలా తక్కువ. అందరూ బిడ్డ గురించే అడుగుతారు, బాలింత గురించి మరిచిపోతారు. డిశ్చార్జి అయ్యాక ఇంటికి మెల్లగా పోవడానికి ఇబ్బంది లేదు. ఐదారు గంటల ప్రయాణమైతే ఆరు వారాలు ఆగడం మంచిది. కాన్పు తర్వాత ఆ ఆరు వారాలూ కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ. గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే అది ఇంకా పెరుగుతుంది.

వెళ్లక తప్పకపోతే గంటకో గంటన్నరకో దిగి నాలుగడుగులు నడవండి, నీళ్లు బాగా తాగండి. సీటు బెల్టు కుట్ల మీద రాకుండా కింద, తొడల మొదట్లో ఉండాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా, ఆయాసం వచ్చినా, బట్టలు తడిసిపోయేంత రక్తస్రావం అవుతున్నా ప్రయాణం అక్కడితో ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

## మొదటి నెల

మా అత్తమ్మ ఇరవై ఒక్క రోజుల దాకా గడప దాటొద్దంటోంది. ఇది మూఢనమ్మకమేనా?

కాదంటాను. దిష్టి అనండి, గాలి సోకుతుందనండి, పెద్దవాళ్లు పెట్టుకున్న పేరు ఏదైనా జరిగేది మాత్రం బిడ్డకు మేలే. మొదటి 28 రోజుల్లో ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది, పైకి జ్వరం కూడా కనిపించకపోవచ్చు. జనంలోకి తీసుకెళ్లకపోవడమే ఆ వయసుకు పెద్ద మందు. మీ అత్తమ్మతో ఈ విషయంలో గొడవ పడకండి. ఒక్క మినహాయింపు ఉంది: దవాఖానాకు పోవాల్సి వస్తే మంగళవారం, అమావాస్య, ఇరవై ఒకటో రోజు ఏదీ చూడొద్దు.

పది రోజుల పాప. మా చెల్లె పెళ్లి కరీంనగర్‌లో. పోకపోతే బాగుండదు.

డెబ్బై కిలోమీటర్ల కారు ప్రయాణం పెద్ద సమస్య కాదు. సమస్యంతా ఫంక్షన్ హాల్లో ఉంటుంది. మూడొందల మంది, డీజే, హోమం పొగ, చేతులు మారుతూ పోయే బిడ్డ. దగ్గుతో వచ్చిన ఒక్క మేనత్త ముద్దు పెట్టుకుంటే చాలు. పోకతప్పదంటే హాలుకు దగ్గర్లో గది తీసుకుని, బిడ్డ దగ్గర అమ్మమ్మనో ఇంకెవరినైనా కూర్చోబెట్టి, మీరు తాళి కట్టే వేళకు వెళ్లి వచ్చేయండి. గదిలోకి వచ్చేవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. "అంత పట్టింపా" అంటే అననివ్వండి.

బాబు రెండు కిలోలే పుట్టాడు. వేరే ఊరి డాక్టర్‌కు చూపించాలి. ఎలా తీసుకెళ్లాలి?

రెండున్నర కిలోల లోపు పిల్లలకు ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. బొంతలో చుట్టి ఒళ్లో పెట్టుకోవడం కన్నా తల్లి ఛాతీకి నేరుగా ఆనించుకోవడం మేలు. బిడ్డకు టోపీ, సాక్సు, డైపర్ మాత్రమే ఉంచి, రొమ్ముల మధ్య నిలువుగా, మొహం ఒక పక్కకు తిప్పి పెట్టుకోండి. పైన వెడల్పాటి గుడ్డ కట్టి, దాని మీద శాలువా. ముక్కూ నోరూ కనిపిస్తూ ఉండాలి. రెండు గంటలు దాటకుండా పాలు పట్టండి.

దగ్గరే కదా, బైక్ మీద తీసుకెళ్తే ఏమవుతుంది?

వద్దు. ఈ వయసు తలకు సరిపోయే హెల్మెట్ ఉండదు, బిడ్డ మెడ నిలవదు. వెనక కూర్చున్న తల్లికి రెండు చేతులూ బిడ్డ మీదే ఉంటాయి, పట్టుకోవడానికేమీ ఉండదు. స్పీడు బ్రేకర్ ఒక్కటి చాలు. నాలుగు కిలోమీటర్లయినా ఆటో మాట్లాడుకోండి. షేర్ ఆటో కాదు, మీ కోసమే మాట్లాడుకున్న ఆటో. లోపల మధ్యలో కూర్చోండి.

## తల్లిగారింటి నుంచి అత్తగారింటికి

మూడో నెలలో పంపాలా, ఐదో నెలలోనా?

ఇంటింటికీ ఒక్కో ఆనవాయితీ. ఆరోగ్యం మాటకొస్తే రెండూ మంచివే, ఎందుకంటే రెండింటికీ నెలన్నర టీకా పడి ఉంటుంది, తల్లి కూడా తేరుకుని ఉంటుంది. మూడో నెలలో బిడ్డ ఎక్కువసేపు పడుకుంటుంది, ప్రయాణం తేలిక. ఐదో నెలలో మెడ నిలుస్తుంది, చేతిలో పట్టుకోవడం తేలిక. ముహూర్తం మీరు చూసుకోండి. అయ్యగారు మధ్యాహ్నం పన్నెండున్నరకు బయలుదేరమంటే మాత్రం, ఆ వేళకు ఒడిబియ్యం పోసి గడప దాటించి, పక్కింట్లో ఎండ తగ్గేదాకా కూర్చుని వెళ్లిన వాళ్లున్నారు. అలాంటి సర్దుబాటు ఎవరూ కాదనరు.

టీకా వేయించి బయలుదేరాలా, అక్కడికి వెళ్లి వేయించాలా?

నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల టీకాలు ఏ సర్కారు ఆరోగ్య కేంద్రంలోనైనా వేస్తారు. మొదలుపెట్టిన చోటే పూర్తి చేయాలని లేదు. తల్లీబిడ్డల కార్డు ఒక్కటి పోగొట్టుకోకుండా చూసుకోండి, ముందుగా ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే సూది) వేశాక ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ నొప్పి, ఏడుపు ఉంటాయి. అందుకే సూది పడ్డ రోజు కదలొద్దు. రెండు రోజులు ఆగి బయలుదేరితే, దారిలో జ్వరం వచ్చినప్పుడు అది టీకాదా ఇంకేదైనానా అన్న టెన్షన్ ఉండదు.

మే నెలలో మంచిర్యాలకు పోవాలి. అంత ఎండలో ఎలా?

నా సొంత అనుభవం చెప్తాను. మా పెద్ద పాపకు అప్పుడు మూడో నెల. హనుమకొండ నుంచి మంచిర్యాలకు కారులో బయలుదేరేసరికి పది దాటింది. "గాలి తగులుతుంది" అని ఉన్ని టోపీ, సాక్సు, లోపల చొక్కా, పైన టవలు, ఆ పైన చిన్న బొంత. ఏసీ పడదని ఆపేశాం. హుజూరాబాద్ దగ్గరికి వచ్చేసరికి పాప మొహం ఎర్రగా కందిపోయింది, పాలు పట్టబోతే నోరు తెరవలేదు. టోపీ తీసి చూస్తే నెత్తి పొగలు కక్కుతున్నట్టుంది, మెడ వెనక బట్ట పిండొచ్చు. నర్సునే అయ్యుండి! దగ్గర్లోని దవాఖానాలోకి పరిగెత్తాం. బట్టలు విప్పి ఫ్యాన్ గాలిలో పడుకోబెడితే అరగంటలో ఒళ్లు చల్లబడి పాలకు వెతుక్కోవడం మొదలుపెట్టింది. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

కాబట్టి ఎండాకాలంలో రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు పోతే తెల్లవారుజామున నాలుగు, ఐదింటికి కదిలి తొమ్మిదిలోపు ఇల్లు చేరండి. లేదా సాయంత్రం ఐదు తర్వాత. ఒక పలుచని నూలు చొక్కా, డైపర్ చాలు. ఏసీ 25, 26 మీద ఉంచుకోవచ్చు, గాలి నేరుగా బిడ్డ మీదికి రాకుండా చూస్తే సరి. వేడి తెలుసుకోవాలంటే చేతులు, కాళ్లు ముట్టుకోవద్దు, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. బండి ఎండలో ఆపితే "ఒక్క నిమిషం" అని కూడా బిడ్డను అందులో వదలొద్దు.

ఎండకు నోరెండిపోతుంది కదా, రెండు చెంచాల నీళ్లు పట్టొచ్చా?

ఆరు నెలలలోపు చుక్క నీళ్లు కూడా వద్దు, మే నెలలోనైనా సరే. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లు పడితే పాలు తగ్గుతాయి, పసిపిల్లల రక్తంలో ఉప్పు శాతం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. ఎక్కువసార్లు పాలివ్వండి, నీళ్లు మీరు తాగండి. తేనె, గ్రైప్ వాటర్ కూడా వద్దు.

చలికాలంలో ఆదిలాబాద్ వైపు పోతున్నాం. జాగ్రత్తలేమిటి?

అక్కడి చలి వరంగల్ చలిలాంటిది కాదు. పొద్దున పొగమంచు ఉంటుంది కాబట్టి ఎండెక్కాక, తొమ్మిది తర్వాత బయలుదేరి చీకటి పడక ముందు చేరండి. పెద్దవాళ్లకన్నా ఒక పొర బట్ట ఎక్కువ. ఒకే మందపాటి దుప్పటి కన్నా రెండు మూడు పలుచని పొరలు మేలు, కారు వేడెక్కితే ఒకటి తీసేయొచ్చు. మొహం మీద ఏ గుడ్డా వేయొద్దు.

ఊరు మారేముందు ఏ కాగితాలు చూసుకోవాలి?

బర్త్ సర్టిఫికెట్. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు ఉచితం, అది పుట్టిన ఊరిలోనే జరుగుతుంది, మీరు కాపురముండే ఊరిలో కాదు. తల్లిదండ్రుల పేర్లలో ఒక్క అక్షరం తప్పున్నా సరిచేయించుకోవడానికి మళ్లీ ఇక్కడికే రావాలి. అందుకే ఆధార్ కార్డులు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిపోల్చాకే ఊరు కదలండి. బిడ్డ పేరు ఇంకా పెట్టకపోయినా పర్వాలేదు, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు.

## కారు, బస్సు, రైలు

కారులో ఒళ్లో గట్టిగా పట్టుకుంటే చాలదా?

చాలదు. యాభై కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనికైనా గుద్దుకుని ఒక్కసారిగా ఆగితే, నాలుగు కిలోల బిడ్డ బియ్యం బస్తా బరువుతో ముందుకు దూకుతుంది. చేతులు ఆపలేవు. ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవడం మరీ ప్రమాదం, ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే నేరుగా బిడ్డ తలకే తగులుతుంది. తల్లి ఒకే బెల్టును తనకూ బిడ్డకూ కలిపి పెట్టుకున్నా బిడ్డ నలిగిపోతుంది.

సరైనది వెనక సీట్లో, బిడ్డ మొహం కారు వెనక్కి ఉండేలా బిగించే బేబీ కార్ సీటు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ తగిన సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. ధర ఎక్కువే, మా దగ్గరికి వచ్చేవాళ్లలో వందకు ఒకరి దగ్గర కూడా ఉండదు, ఆ సంగతి నాకు తెలుసు. నెలకు రెండుసార్లు హైదరాబాద్ తిరిగేవాళ్లయితే మాత్రం తొట్టెల ఫంక్షన్ ఖర్చులోంచి తీసి కొనండి. లేనివాళ్లు తల్లి వెనక సీట్లో బెల్టు పెట్టుకుని, బిడ్డను బెల్టుకు బయట ఎత్తుకుని, డ్రైవరు అరవై దాటకుండా చూసుకోవాలి. ఇది ప్రమాదాన్ని తగ్గిస్తుంది, పోగొట్టదు.

హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు ఎన్నిసార్లు ఆగాలి?

దాదాపు 150 కిలోమీటర్లు. పెద్దవాళ్లు మూడు గంటల్లోపు పోతారు, మీరు నాలుగున్నర అనుకోండి. కార్ సీట్లో పసిబిడ్డ తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి సరిగ్గా ఆడదు. అందుకే గంటకోసారి ఆపి బయటకు తీయాలి. జనగామ దగ్గర ఒకసారి, భువనగిరి దగ్గర ఒకసారి ఆగితే పాలు, డైపర్, తల్లి నడక అన్నీ అయిపోతాయి. హైవే పక్కన తెల్లగీత మీద ఆపొద్దు, పెట్రోలు బంకులోకో హోటల్ ఆవరణలోకో తిప్పండి. కారు నడుస్తుండగా పాలివ్వడానికి బిడ్డను సీట్లోంచి తీయకండి.

ఆర్టీసీ బస్సులో పోవచ్చా?

రెండో నెల దాటాక, రద్దీ లేని వేళ చూసుకుని పోవచ్చు. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చిన తర్వాత పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు, మంచిదే. కానీ పండుగలప్పుడు, పెళ్లిళ్ల రోజుల్లో ఆ బస్సుల్లో ఊపిరాడదు. చంటిబిడ్డతో ఉన్నప్పుడు డబ్బులు పోయినా సరే, సీటు రిజర్వ్ చేసుకునే బస్సు ఎక్కండి. బస్సు మధ్య భాగంలో కిటికీ సీటు తీసుకోండి. చివరి వరుసలో కుదుపులు ఎక్కువ.

రైల్లో చీరతో ఉయ్యాల కడదామనుకుంటున్నాం. మంచిదేనా?

కాజీపేట నుంచి సిర్పూర్ కాగజ్‌నగర్ వైపు పోయే బండ్లలో ఈ ఉయ్యాలలు తరచూ కనిపిస్తాయి. పై బెర్తు గొలుసుకు ఒక కొస, ఎదుటి బెర్తు గొలుసుకు ఇంకో కొస, మధ్యలో పాత నూలు చీర. బిడ్డ హాయిగా పడుకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ బ్రేకు పడినప్పుడు చీర ఊగి బిడ్డ తల ఇనుప రాడ్‌కు తగలొచ్చు, ముడి జారొచ్చు, చీర మడతలో ముక్కు మూసుకుపోవచ్చు. దారిన పోయేవాళ్ల బ్యాగులు సరేసరి. నేనైతే వద్దంటాను. కింది బెర్తు మీద గోడవైపు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, బయటివైపు మీరు కూర్చోండి. నిద్ర వస్తే ఇంకొకరిని లేపి కూర్చోబెట్టండి. బిడ్డను పక్కన వేసుకుని నిద్రపోవద్దు.

రైలు మంచి సాధనమే, కుదుపు తక్కువ, లేచి తిరగొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, విడిగా బెర్తూ రాదు. చిన్న స్టేషన్లలో బండి నిమిషం, రెండు నిమిషాలే ఆగుతుంది. బిడ్డ ఒకరి చేతిలో, సామాను ఇంకొకరి చేతిలో ఉండేలా ముందే పంచుకుని పది నిమిషాల ముందు లేవండి.

డబ్బా పాలు పట్టే బిడ్డ. దారిలో ఎలా?

ఇంట్లో కలిపి తీసుకెళ్లొద్దు. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి, ఎండాకాలంలో ఇంకా ముందే పాడవుతాయి. మరిగించిన నీళ్లు మంచి ఫ్లాస్కులో వేడిగా, పొడి కొలిచి చిన్న డబ్బాల్లో విడివిడిగా పెట్టుకోండి. అడిగినప్పుడు కలిపి, సీసాను చల్లటి నీళ్లలో పెట్టి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని పట్టండి. మిగిలింది మళ్లీ వాడొద్దు. సీసా కడగడం కష్టమనుకుంటే ఉగ్గుగిన్నె, చెంచా పట్టుకెళ్లండి, వేడినీళ్లతో శుభ్రం చేయడం సులువు.

## విమానం, గల్ఫ్

విమానం ఎన్ని రోజులకు ఎక్కనిస్తారు?

కంపెనీని బట్టి మారుతుంది. కొన్ని మూడు రోజులు నిండితే చాలంటాయి, కొన్ని వారం, రెండు వారాలు అంటాయి, డాక్టర్ లెటర్ అడిగేవీ ఉన్నాయి. టికెట్ కొనే ముందే కనుక్కోండి. వాళ్లు ఎక్కనిస్తారు కదా అని పోవాలని లేదు, నెలన్నర టీకా పడ్డాక పోవడం నా సలహా. విమానం దిగేటప్పుడు చెవులు నొప్పి పెడతాయి, అప్పుడు పాలు పడితే మింగుతూ ఉంటుంది కాబట్టి తగ్గుతుంది. అందుకే ఎక్కగానే కడుపు నింపేయకండి, దిగే అరగంటకు ఆకలి మిగల్చండి.

మా ఆయన దుబాయ్‌లో ఉన్నారు. పాపను ఎప్పుడు తీసుకెళ్లగలను?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. బిడ్డకు విడిగా పాస్‌పోర్టు, వీసా కావాలి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టులో పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే రుజువు. నాలుగేళ్లలోపు పిల్లలకు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటో మీరే పట్టుకెళ్లాలి. పాలు తాగి, తుడిపించుకుని, కళ్లు తెరిచి ఉన్న ఆ పది నిమిషాల్లో తీయించండి, లేకపోతే రెండు పూటలు స్టూడియోలోనే గడిచిపోతాయి. తండ్రి అక్కడే ఉంటే ఆయన సమ్మతి పత్రం కూడా కావాలి, దాన్ని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపమనండి. ఇవన్నీ అయ్యేసరికి ఎలాగూ మూడో నెల వస్తుంది.

## మొక్కులు

మేడారం జాతర రెండేళ్లకోసారే కదా. రెండు నెలల బాబును తీసుకెళ్తాం, బంగారం (బెల్లం) మొక్కు ఉంది.

జాతర రోజుల్లో వద్దు. ట్రాఫిక్‌లో ఎన్ని గంటలు ఇరుక్కుంటారో చెప్పలేం, దుమ్ము, రాత్రి చలి, సమ్మక్క, సారలమ్మ గద్దెల దగ్గర తోపులాట. బిడ్డకు ఏదైనా అయితే అంబులెన్సు కూడా జనంలోంచే రావాలి. బెల్లం మొక్కు జాతర కాని రోజుల్లోనూ చెల్లించుకోవచ్చు, బాబు కాస్త పెద్దయ్యాక ఒక బుధవారమో గురువారమో పోయి రండి. అమ్మలు ఏమీ అనుకోరు.

పుట్టు వెంట్రుకలు వేములవాడలో తీయించాలి. ఎప్పుడు?

తొమ్మిదో నెలో, పదకొండో నెలో, ఇంటి ఆనవాయితీని బట్టి. ముందే తొందరపడొద్దు, మాడు మెత్తగా ఉంటుంది. కొత్త బ్లేడు మీ కళ్ల ముందే విప్పించండి.

## దారిలో

ఎంతకీ ఏడుపు ఆపడం లేదు. ఏం చూడాలి?

బండి ఆపి వరుసగా చూడండి: ఆకలి, తడిసిన డైపర్, వేడి, బిగుతు బెల్టు. తర్వాత సాక్సు విప్పి కాలివేళ్లు చూడండి, లోపలి దారప్పోగో తల్లి వెంట్రుకో వేలికి చుట్టుకుని ఉండొచ్చు. ఇది నమ్మరు గానీ మా క్లినిక్‌కు అలా వచ్చిన పిల్లలున్నారు. భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించండి. ఏమీ లేకుండా గంట దాటి ఏడుస్తుంటే చూపించండి.

ఏం కనిపిస్తే ప్రయాణం ఆపేసి దవాఖానాకు పరిగెత్తాలి?

రెండుసార్లు పాలు వద్దని మొహం తిప్పుకోవడం, లేపినా లేవకుండా మత్తుగా ఉండటం. నిమిషానికి అరవై సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీయడం (నిద్రలో, పూర్తి నిమిషం లెక్కపెట్టండి), పక్కటెముకల కింద గుంట పడటం, మూలగడం. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం, లేదా ఒళ్లంతా చల్లబడటం. ఫిట్స్. ఆకుపచ్చ వాంతి. బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము రావడం. పెదాలు నీలంగా మారడం.

వీటిలో ఒక్కటి ఉన్నా 108కి చేయండి. చెప్పేటప్పుడు ముందు బిడ్డ వయసు, తర్వాత మీరున్న చోటు: హైవే మీదైతే కిలోమీటరు రాయి నంబరు, వెనక దాటిన ఊరి పేరు. జ్వరం మందు ముందే వేసేసి, "తగ్గిందిలే" అనుకుంటూ ఇల్లు చేరాక చూద్దామని సాగిపోకండి. వరంగల్ చుట్టుపక్కల ఉంటే సర్కారు పెద్ద దవాఖానా ఎంజీఎంలో పిల్లల వార్డు రాత్రీ పగలూ ఉంటుంది. తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి చీటీ చేతి సంచిలోనే పెట్టుకోండి, డిక్కీలోని సూట్‌కేసులో కాదు.